కొవ్వు, కండ, మూలుగ

నందికొండయొద్ద కృష్ణానదికి అడ్డుకట్ట వేయుటకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించుటకు ముందే, ఆ నీటిలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయయందు పురాతత్త్వశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున 1954లో త్రవ్వకములు ప్రారంభించి 1960 వరకు సాగించిరి. లోకము ఆ త్రవ్వకములను ఇక్ష్వాకుల విజయపురినిబట్టియు, బౌద్ధస్తూపములనుబట్టియు జ్ఞాపకముంచుకొన్నది గాని, ఆ విహారముల పునాదులకంటె అనేక సహస్రాబ్దముల ప్రాచీనములైన వస్తువులును ఆ లోయలోనే దొరకినవి. క్వార్ట్‌జైటు రాతిని ఇరువైపుల చెక్కి చేసిన చేగొడ్డళ్ళు, వెడల్పైన అంచుగల నరుకుడురాళ్ళు, వానికి ఎంతోకాలము తరువాతివైన గోరంత సూక్ష్మశిలాపరికరములు, ఇంకను తరువాత నునుపుగా నూరిన నవీనశిలాయుగపు గొడ్డళ్ళు, ఇవన్నియు ఒక్క లోయలోనే మనుష్యుని భోజనచరిత్రకు సాక్ష్యములుగా నిలిచినవి. వానిని ఆయుధములని పిలుచుట మనకు అలవాటైనది గాని, వేటలో జంతువును కూల్చుటకంటె, కూలిన జంతువు తోలు ఒలుచుటకును, కండ కోయుటకును, ఎముక పగులగొట్టుటకును ఆ రాళ్ళు ఎక్కువగా అక్కరకు వచ్చియుండును. అవి వంటింటి కత్తులు; వంటిల్లు పుట్టకముందటి కత్తులు.

ఈ కత్తుల యజమానుని నేడు మన నగరవాసులు గురువుగా స్వీకరించుచున్నారు. ధాన్యము, పప్పు, పాలు, చక్కెర విడిచి, మాంసము, చేప, గ్రుడ్లు, కూరగాయలు, పండ్లు, గింజలు మాత్రమే భుజించినచో, వ్యవసాయమునకు పూర్వము మనుష్యుడు తిన్నట్లే తిన్నవారమగుదుమనియు, పదివేల సంవత్సరముల వ్యవసాయము మన దేహమును మార్చుటకు చాలినంత కాలము కాదనియు చెప్పు ఈ పథ్యమునకు పేలియో ఆహారమని పేరు. ఈ పథ్యము పట్టినవారిలో ఎడతెగని వివాద మొకటి కలదు: తినవలసినది కొవ్వుతో నిండిన మాంసమా, కొవ్వు తీసివేసిన కండయా?

వివాదము పాతదే. అమెరికాలో జీర్ణకోశవైద్యుడైన వాల్టర్ వోగ్ట్‌లిన్ 1975లో శిలాయుగపు ఆహారమును గూర్చి పుస్తకము వ్రాసి, మనుష్యుడు స్వభావముచే మాంసాహారి యనియు, కొవ్వు సమృద్ధిగా తినుటయే అతనికి తగుననియు వాదించెను. పది సంవత్సరముల తరువాత, 1985లో, బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అను ఇద్దరు పండితులు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించి, ఆఫ్రికాయందలి అడవి శాకాహారిజంతువుల దేహములో కొవ్వు సగటున సుమారు 4 శాతమే యుండగా, కొట్టములో మేపిన పశువులయందు అది 25 మొదలు 30 శాతము వరకు ఉన్నదని చూపిరి. 2002లో లోరెన్ కోర్డెయిన్ తన గ్రంథమున ఈ లెక్కనే అనుసరించి, చర్మము తీసిన కోడి, కొవ్వు కోసివేసిన మాంసము, చేపలు తినుడని ఉపదేశించెను. ఆ తరువాత వచ్చిన శిష్యులు గురువును మించి, కొవ్వును చూచి భయపడుట అనవసరమని మరల మొదటి పక్షమునకే మరలిరి. తెలుగుదేశమున ఈ కొవ్వుపక్షమునకు 2017 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి వలన కలిగిన ప్రచారము పాఠకులకు తెలియనిది కాదు. రోజునకు 70 మొదలు 100 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీరు, నిమ్మకాయలు అను ఆ నియమము నల్లగొండ, పాలమూరు పట్టణములలోను చాలకాలము సంభాషణావిషయమై యుండెను. అది నెయ్యిని, వెన్నను అంగీకరించును గనుక శుద్ధమైన పేలియో కాదు. అయినను బియ్యము మాని కొవ్వును ఆశ్రయించుట అను మూలసూత్రము దీనికిని, పేలియోలోని కొవ్వుపక్షమునకును ఒక్కటే.

రెండు పక్షములవారును సాక్షిగా పిలుచునది ఆదిమానవుడే కావున, అతడు మన ప్రాంతమున ఏమి తినగలిగెనో విచారించుట న్యాయము. నాగార్జునకొండ చేగొడ్డళ్ళు మౌనముగా నున్నవి. రాయి మిగిలినది గాని మాంసము మిగులదు. ఎముకలకొరకు మనము నల్లమలను దాటి కర్నూలు సీమకు పోవలెను. బేతంచర్ల సమీపమున బిల్లసర్గపు గుహలను 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ లోకమునకు తెలిపెను. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో త్రవ్వించెను. అచట దొరకిన ఎముకలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో వర్ణించెను. జింకలు, దుప్పులు, అడవిపందులు, ఏదుపందులు మొదలైనవానితోపాటు, నేడు దక్షిణభారతమున ఎచ్చటను లేని ఖడ్గమృగము సైతము ఆ జాబితాలో కలదు. ఇవన్నియు మనుష్యుడు తిన్నవే యని చెప్పజాలము, గుహలలో మృగములును కాపురముండును. కాని ఆ కాలపు అడవిలో అతనికి అందుబాటునందున్న జంతువు లెట్టివో ఇందువలన స్పష్టమగుచున్నది. వీనిలో పెద్దపాలు గడ్డితిని పరుగెత్తి బ్రదుకునట్టివి. అడవిపంది ఋతువునుబట్టి కొవ్వెక్కును. జింకకు, దుప్పికి కొవ్వు వర్షాకాలము తరువాత కొన్ని నెలలు మాత్రమే నిలుచును, చైత్రవైశాఖములలో నల్లమల గడ్డి ఎండి వాగులు ఇంకిపోయిన తరువాత వాని కండ నూలుపోగువలె పలుచనై, తినినను తృప్తి కలిగింపదు.

ఈ పలుచని కండ మనుష్యునకు చాలునా? ఇచట శరీరశాస్త్రము ప్రవేశించి, వాదము చేయు ఇరువురిని కొంత నొచ్చునట్లు మాటలాడును. మాంసకృత్తులను దేహము ఇంధనముగా వాడుకొనవలసివచ్చినపుడు వానియందలి నత్రజనిని విడదీసి, కాలేయము దానిని యూరియాగా మార్చి, మూత్రపిండముల ద్వారమున బయటికి పంపవలెను. ఈ పనికి కాలేయమునకు ఒక హద్దు కలదు. సామాన్యముగా మనకు కావలసిన శక్తిలో 35, మిక్కిలి యైనచో 40 శాతముకంటె ఎక్కువ మాంసకృత్తులనుండియే తీసికొనుట అనేకదినములు సాగదు. సాగించినచో వికారము, విరేచనములు, నీరసము, ఎంత తినినను తీరని ఆకలి కలుగును. ఉత్తరధ్రువప్రాంతపు వేటగాండ్రు శీతకాలము చివర కుందేళ్ళు తప్ప వేరొకటి దొరకక, కడుపునిండ తినుచునే కృశించి మరణించుట నెరిగియున్నవారు. ఆ ప్రాంతమున చాలకాలము నివసించిన విల్‌హ్యాల్మర్ స్టీఫాన్సన్, మాంసము మాత్రమే తిని జీవింపవచ్చునని వైద్యులకు రుజువు చేయుటకై 1928లో న్యూయార్కునందలి బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేరి వారి పర్యవేక్షణలో ప్రయోగమునకు ఒప్పుకొనెను. వైద్యులు ముందుగా అతనికి కొవ్వు తీసివేసిన కండ మాత్రము పెట్టించిరి. కొలదిదినములలోనే అతడు జబ్బుపడెను. కొవ్వు కలిపి పెట్టిన పిమ్మట తేరుకొని, సంవత్సరమునకు పైగా అట్లే మాంసాహారముతో ఆరోగ్యముగా నుండెను. అతనికి లభించిన శక్తిలో నాలుగింట మూడుపాళ్ళు కొవ్వునుండి వచ్చినదను విషయమును మాత్రము, అతని పేరు చెప్పి కండ తినువారు మరచిపోవుచుందురు.

లెక్క మనమే వేసి చూతము. రోజునకు 2400 కేలరీలు వ్యయపరచు మనుష్యు నొకనిని తీసికొందము. అందు 35 శాతము, అనగా 840 కేలరీలు, మాంసకృత్తులనుండి రావచ్చును. గ్రామునకు నాలుగు కేలరీల చొప్పున అవి 210 గ్రాములు. వంద గ్రాముల పలుచని కండయందు మాంసకృత్తులు రమారమి 21 గ్రాములు గనుక, కిలో మాంసముతో ఆ హద్దు నిండును. ఆ కిలోలో అంటియున్న 30 గ్రాముల కొవ్వు, గ్రామునకు తొమ్మిది చొప్పున, మరి 270 కేలరీల నిచ్చును. మొత్తము 1110. ఇంకను 1290 కేలరీలు కావలెను. ఇంకొక ముక్క కండ తినుటవలన లాభము లేదు, హద్దు నిండినది. మిగిలిన మార్గములు రెండే: 143 గ్రాముల కొవ్వు, లేక కిలోకు మించిన దుంపలు. తేనె దొరకినచో నాలుగువందల గ్రాములకు పైచిలుకు తేనెయు ఆ లోటు తీర్చును.

ధ్రువప్రాంతమున దుంప లేదు. కావున అచటివాడు సీలు కొవ్వును ఆశ్రయించెను. నల్లమలలో దుంప యున్నది. 1940లో క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అమ్రాబాదు పీఠభూమిమీది చెంచుల నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి ప్రకటించిన గ్రంథమునందు ఈ విషయము మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. విల్లమ్ములు చేతబట్టిన వేటగాడుగా చెంచును మనము చిత్రించుకొనుచుందుము. హైమన్‌డార్ఫ్ చూచిన చెంచుపెంట (చెంచుల గూడెము) యందు నిత్యము పొయ్యిమీద ఉడికినవి త్రవ్వుకోలతో తీసిన అడవిదుంపలు, ఏరితెచ్చిన పండ్లు, ఇప్పపువ్వు. వేటమాంసము అప్పుడప్పుడు వచ్చు అతిథి. కొండచరియల నుండి త్రాళ్ళమీద వ్రేలాడి తీసిన తేనె వారి ప్రతిష్ఠకు కారణము. ఒక శతాబ్దపు చెంచులను చూచి లక్షల సంవత్సరముల నాటి నాగార్జునకొండవాసి ఇట్లే తినెనని నిర్ధారించుట సాహసము. వారు ఎన్నడును కాలము నిలిచిపోయిన మనుష్యులు కారు, పల్లెలతో ఇచ్చిపుచ్చుకొనుచు బ్రదికినవారే. అయినను ఒకే కొండ, ఒకే వాన, ఒకే నేల. పలుచని మాంసమునకు దుంపయే సరియైన జోడు అని ఈ భూమి చూపినంత విశదముగా పుస్తకములు చూపలేవు. 1983లో జాన్ స్పెత్, కేథరిన్ స్పీల్‌మన్ అను పురాతత్త్వవేత్తలు, కొవ్వు లేని ఋతువులలో వేటగాండ్రు పిండిపదార్థములను వెదకికొనుటకు పలుచని కండ మాత్రము చాలకపోవుటయే కారణమని ప్రతిపాదించిరి.

కాని ఆదిమానవునకు కొవ్వు అక్కరలేకపోయెనని అనుకొనుట పొరపాటు. అతడు దానికై తపించెను, దాచిన తావునుండి పెకలించి తీసికొనెను. జంతువు కృశించునపుడు ముందుగా చర్మము క్రింది కొవ్వు పోవును, తరువాత మూత్రపిండముల చుట్టునున్న కొవ్వు పోవును, అన్నిటికంటె కడపట మూలుగ కరగును. కావున బక్కజింకయందైనను కాలియెముక పగులగొట్టినచో కొంత కొవ్వు దొరకును. భూమండలమున ఎచ్చట ప్రాచీనమానవుని విడిది బయల్పడినను పగిలిన ఎముకలు కానవచ్చుటకు కారణ మిదియే. జర్మనీలో నొయ్‌మార్క్-నోర్డ్ అనుచోట 1,25,000 సంవత్సరముల క్రిందట నియాండర్తాలు మానవులు ఎముకలను ముక్కలుగా చితుకగొట్టి, నీటిలో కాచి కొవ్వు తీసిరని ఇటీవల పండితులు నిర్ణయించిరి. మెదడు, కార్జము, గుండె, ప్రేగుల చుట్టు పొర, ఇవియు వదలినవి కావు. నేటి పేలియోభక్తుడు నురుగుపళ్ళెములో అమర్చిన ఎముకలేని కోడిరొమ్ము కొని, తాను శిలాయుగమునకు చేరువైతినని సంతోషించును. అతని పితామహుడు ఆ ముక్కను చూచి, మిగిలిన జంతువు ఏమైనదని అడిగియుండును.

ఈ విషయమున మన తెలంగాణపల్లె శిలాయుగమునకు సూపర్‌మార్కెటుకంటె దగ్గర. యాటను కోసిన దినమున నల్లిబొక్కకై పిల్లలు తగవులాడుట, కార్జము ముందుగా వేయించి పెట్టుట, తలకాయకూర, బోటి, కాళ్ళ పులుసు, ఇవన్నియు ఒక జంతువులోని భిన్నభిన్నమైన కొవ్వులను వేరువేరుగా ఉపయోగించుకొను విధానములే. అన్ని కొవ్వులు ఒక్కటి కావు. మేక, గొర్రె తినిన ఆకులందలి అసంతృప్తామ్లములను వాని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు హైడ్రోజనుతో నింపి సంతృప్తములుగా మార్చును. అందువలననే పొట్టేలు కొవ్వునందు స్టియరిక్ ఆమ్లము మెండు, అందువలననే కూర చల్లారగానే గిన్నె అంచున తెల్లగా పేరుకొనును. కాళ్ళలోని మూలుగ యట్లు కాదు. దేహమునకు దూరమై గిట్టలకు చేరువగు కొలది ఎముకలలోని కొవ్వునందు ఓలియిక్ ఆమ్లము, అనగా వేరుసెనగ, ఆలివ్ నూనెలలో ప్రధానమైన యామ్లము, హెచ్చుచుండును. చలిలో కాళ్ళు గట్టిపడకుండుటకు ప్రకృతి చేసిన యేర్పాటు కావచ్చును. పాయ చల్లారినపుడు గట్టిపడుట చర్మము, స్నాయువుల నుండి దిగిన జిలాటిను వలన. మూలుగకొవ్వు మాత్రము మెత్తనిదే. అడవిజంతువు కండలోని కొంచెపు కొవ్వు సైతము చాలవరకు కణముల పొరలలో నుండు నిర్మాణకొవ్వు గనుక, అందు బహుళాసంతృప్తామ్లముల పాలు ఎక్కువ. మేపి బలిపించిన జంతువునందు నిలువకొవ్వు పెరిగి, ఆ పాలు మునిగిపోవును. ఈటన్, కానర్ చూపిన వ్యత్యాసము బరువునందు మాత్రమే కాదు, జాతియందును కలదు.

బలిసిన జంతువు మన ప్రాంతమునకు ఎప్పుడు వచ్చినది? మహబూబునగరపు ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) బూడిదదిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ త్రవ్వి, అది నాలుగువేల యేండ్లకు పూర్వము పశువులను దొడ్డిలో కట్టి, పేరిన పేడను మరల మరల తగులబెట్టగా ఏర్పడినదని నిరూపించెను. ఆ బూడిదలో గిట్టల గుర్తులు సైతము నిలిచియున్నవి. ఆ దొడ్డిలోని పశువు పులికి భయపడి పరుగెత్తవలసిన పని లేదు. అయినను వెనుకటి కాపరుల మందలను నేటి కొట్టపు మేతతో పోల్చరాదు. పాలమూరు కురుమలు, గొల్లలు ఎండాకాలమున మేతకై మైళ్ళకొలది నడపించిన గొర్రె, అడవిజంతువునకును కొట్టపు పశువునకును నడుమనున్నది. కోతలైన తరువాత మోళ్ళలో మేసి కొంత కొవ్వెక్కి, వేసవికి మరల బక్కచిక్కును. మారినది గొర్రెకంటె దాని ప్రక్కన వడ్డించిన అన్నము.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి, నందికొండయొద్ద కట్టిన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలెను. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూరునగరు ప్రాంతములు మాగాణులై, బియ్యపు మిల్లులతో నిండినవి. అంతకుముందు జొన్న, సజ్జ తినిన యిండ్లలో తెల్లనియన్నము ప్రతిపూట భోజనమాయెను. అడవిలో చెంచులకు సైతము చౌకదుకాణపు బియ్యము దుంపకు బదులు వచ్చెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు అడ్డు కలిగెను. నీరు తెచ్చిన మేలును కాదనుట కృతఘ్నత. కాని పళ్ళెమును పరీక్షించుట తప్పు కాదు. వ్యాయామము తగ్గిన దేహము, మూడుపూటల తెల్లనియన్నము, దానిమీద కొవ్వు తేలు మాంసపుకూర, ఈ మూడింటి కూడిక ఏ యుగమునందును మనుష్యజాతికి అలవాటైనది కాదు. దక్షిణాసియావాసులకు పొట్టచుట్టు కొవ్వు పేరుట, మధుమేహము, హృద్రోగము ఇతరులకంటె చిన్నవయసుననే సంభవించుట వైద్యులందరు ఎరిగినదే.

కావున నా తీర్పు ఇట్లున్నది. అన్నమును, రొట్టెను, దుంపలను అన్నిటిని మానదలచినవాడు కండ మాత్రము తినరాదు. కొవ్వు కావలసినదే, లేనిచో స్టీఫాన్సన్‌కు పట్టిన గతియే పట్టును, లేక రెండువారములలో ఆకలికి ఓడి మరల అన్నముకడకే పరుగెత్తును. అన్నము మానలేనివాడు, అనగా మనలో నూటికి తొంబదిమంది, కొవ్వు తగ్గించి కండ తినుటయే మేలు. సంతృప్తకొవ్వు మొత్తపు శక్తిలో పదియవ వంతునకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. రెండువేల కేలరీల భోజనమున అది 22 గ్రాములు. పొట్టేలు కొవ్వులో ఇంచుమించు సగము సంతృప్తమే గనుక, పిడికెడు కొవ్వుముక్కలతోనే ఆ పరిమితి తీరును. సంతృప్తములలో స్టియరిక్ ఆమ్లము రక్తమునందలి చెడు కొలెస్టరాలును అంతగా పెంచదు, నిజమే; దానికి తోడుగా అదే కొవ్వులోనున్న పామిటిక్ ఆమ్లము పెంచును. వారమునకొకసారి కార్జము, నెలకొకసారి పాయ తినుటలో దోషము కానరాదు. కార్జమునందలి ఇనుము, 'ఎ' విటమిను రక్తహీనత కలవారికి మిక్కిలి అక్కరకు వచ్చును, గర్భిణులు మాత్రము 'ఎ' విటమిను అతిగా చేరకుండ మితము పాటింపవలెను. సాగరు తీరమున నున్నవారికి ఈ చర్చయే కొంత అనవసరము: కొర్రమీను సహజముగా కొవ్వు మిక్కిలి తక్కువగల చేప, బొచ్చె, రవ్వలందు కొవ్వున్నను అది పొట్టేలు కొవ్వువంటిది కాదు, దుంపతో తినినను, జొన్నరొట్టెతో తినినను ఒప్పును.

ఒక్క హెచ్చరిక. మూత్రపిండముల వ్యాధి కలవారు మాంసకృత్తులు హెచ్చించు ఏ పథ్యమునైనను వైద్యుని అడుగక పట్టరాదు. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు మోతాదు మార్పించుకొనక ఒక్కసారిగా అన్నము మానినచో, రక్తమునందలి చక్కెర ప్రాణాపాయముగా పడిపోవచ్చును.